రాయిని చూడకుండా డబ్బా కొంటే

ఈమధ్య ఇల్లు కట్టుకునేవాళ్లెవరిని కదిలించినా ఒకటే ప్రశ్న: "నేలకి సీలర్ ఏది మంచిదండీ?" రాయేం వేశావయ్యా అంటే మాత్రం "నాచురల్ స్టోనండీ, నల్లగా ఉంటుంది" అంటారు. నల్లగా ఉన్నవన్నీ ఒకటేనా? మార్కాపురం పలకరాయిలోనూ నలుపుంది, కడప బండా నలుపే. పలకరాయి ఒకప్పటి బురద. భూమి లోపల ఒత్తిడికీ వేడికీ బిగిసి రాయైంది. అంచున ఉలి పెట్టి తడితే పొరలు పొరలుగా విడుతుంది. మేం అ ఆలు దిద్దిన పలకలు అట్లా విడదీసినవే. కడప బండ సున్నపురాయి. తాండూరు బండా, బేతంచెర్ల బండా ఆ వంశానివే. నిమ్మచెక్క పిండితే పలకరాయి మామూలుగా చలించదు, కడప బండ మీద తెల్లమచ్చ తేలుతుంది. మా రోజుల్లో ఈ తేడా లారీలోంచి బండలు దించే మనిషికి కూడా తెలుసు. ఇప్పుడు ప్లాను గీసే ఇంజనీరే ఫోనులో వెతుక్కుంటున్నాడు.

అప్పట్లో బండలు ఏరడమే సగం పని. మేస్త్రీ బండని నిలబెట్టి, కుండ కొనేటప్పుడు చూసినట్టు వేలి కణుపుతో కొట్టేవాడు. ఖంగుమంటే ఇంట్లోకి, బొద్దుమంటే పెరట్లో చాకిరేవుకి. లోపల పొర విడిన రాయి మోగదు. ఆ తర్వాత వెలుతురులోకి వంచి చూసేవాడు. ఇత్తడి రంగు చుక్కలు మెరిశాయా, "అయ్యా, ఇది వానాకాలానికి తుప్పు కక్కుద్ది" అని పక్కన పడేసేవాడు. ఆ చుక్కల్లో ఇనుము ఉంటుంది, తడి తగిలితే ఎర్రచార దిగుతుంది. దాన్ని ఏ సీలరూ పూర్తిగా ఆపలేదు. ఇప్పుడు అట్టపెట్టెలో సీలు వేసిన టైల్స్ వస్తున్నాయి. పెట్టె విప్పినవాడు విప్పినట్టే పరుచుకుంటూ పోతున్నాడు. అంతా అయ్యాక సీలర్ గురించి మీటింగు.

మా నేలలకి ఏం పూశారంటారా? ఏమీ పూయలేదు. రోజూ కడగడం, పండక్కి ముందు కొబ్బరినూనె ముంచిన గుడ్డతో ఒకసారి తుడవడం. ఇరవై ఏళ్లు మనుషులు తిరిగితే వచ్చే నునుపు అదే వచ్చేది. అయితే ఆ నూనె వైభోగం గురించి నిజం కూడా చెప్పాలి. తుడిచిన పూట నలుపు నిగనిగలాడేది. వారం తిరక్కుండా వీధిలో దుమ్మంతా దానికే అంటుకునేది. దేవుడి గది ముందు నడిస్తే అరికాలు జిడ్డు. అవిసెనూనె పూసినవాళ్ల బాధ ఇంకా ఎక్కువ, అది ఆరి పసుపుపచ్చగా గట్టిపడితే గీకినా వదలదు. కాబట్టి సీలర్ అనే వస్తువే దండగని నేననను. కొనే పద్ధతి చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

హైదరాబాదులో మావాడు ఇల్లు కట్టుకుంటూ హాలుకి, దేవుడి గదికి పలకరాయి టైల్స్ తెచ్చాడు. సీలర్ కొనడానికి నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. కొట్లో కుర్రాడు రాయేమిటని అడగలేదు, నేల ఎక్కడని అడగలేదు. ఫోను తీసి ఫొటోలు చూపించాడు. "సార్, ఇది వెట్ లుక్. ఎప్పుడు చూసినా కడిగినట్టే ఉంటుంది." మా చిన్నప్పుడు కడిగిన నేల ఆరలేదంటే అమ్మ చేతిలో వీపు మోగేది, ఇప్పుడు ఆరనట్టు కనబడటానికి డబ్బులిస్తున్నారు!

ఆ డబ్బాలో ఉన్నది రాయి మీద పొరలా కూర్చునే రకం. అక్రిలిక్కో పాలీయురేతేనో ఉంటుంది. మెరుపు మొదట్లో కళ్లు చెదిరేలా ఉంటుంది. ఆ తర్వాత కుర్చీ కాళ్లు గీతలు పెడతాయి, జనం నడిచే దారిలో పొర అరిగి బాట పడుతుంది, తడి తగిలితే జారుతుంది. కింది అంతస్తు అయితే మరీ కష్టం. భూమిలో చెమ్మ పైకి వస్తుంది, పొర దాన్ని బయటికి పోనివ్వదు, నేల కింద నుంచి పాలు విరిగినట్టు తెల్లబారుతుంది. అప్పుడు ఆ పొర ఊడదీయడానికి ఇంకో డబ్బా, దాన్ని పూసి గీకడానికి ఇద్దరు మనుషులు. మా వీధిలో ఒకాయన హాలు అలాగే అయింది. వేయించిన కాంట్రాక్టరు "రాయి క్వాలిటీ లేదు సార్" అని చేతులు దులుపుకున్నాడు. పాపం, రాయికి నోరు లేదుగా.

రెండో రకం రాయిలోకి ఇంకేది. డబ్బా మీద పెనట్రేటింగ్ అనో ఇంప్రెగ్నేటింగ్ అనో ఉంటుంది, సైలేన్, సైలాక్సేన్ లాంటి మాటలు చిన్న అక్షరాల్లో కనబడతాయి. ఇది రంధ్రాల గోడలకి పట్టుకుని నీళ్లని లోపలికి రానివ్వదు, ఆవిరిని మాత్రం బయటికి వదులుతుంది. మెరుపు రాదు. మెరుపు రాదు కాబట్టే కొట్లో కుర్రాడికి దాని మీద ఆసక్తి లేదు. నీళ్లనే కాక నూనెని కూడా ఆపే రకాలున్నాయి. వంటిల్లున్న ఇంటికి, దీపం పెట్టి గడపకి పసుపు రాసే ఇంటికి అడిగి కొనాల్సింది వాటినే. రంగు ముదరాలని అంత ముచ్చటగా ఉంటే, పొర కట్టకుండా రంగు పెంచే సీలర్లు కూడా దొరుకుతాయి. అయితే ఒకసారి పూశాక మళ్లీ పాత రంగు కావాలంటే కుదరదు.

ఇందులో ఏది కొనాలో రాయినే అడగొచ్చు. మావాడికి చేసి చూపించాను. మిగిలిన టైల్ ఒకటి నీడలో పెట్టి, చెంచాడు నీళ్లు మధ్యలో పోసి వదిలేశాం. కొంచెం సేపటికి నీళ్ల చుట్టూ ముదురు అంచు ఏర్పడింది. పది నిమిషాలకి తుడిచి చూస్తే అణా బిళ్లంత మచ్చ కనబడింది. అంటే ఈ రాయి తాగుతుంది, సీలర్ అవసరం ఉంది. తుడిచినచోట ఏ మచ్చా లేకపోతే ఆ రాయికి పెద్దగా దాహం లేనట్టే. దానికి కూడా పోసుకుంటూ పోతే ఇంకక పైనే ఆరి, కాలికి బంకబంకగా తగులుతుంది. ఒకే పెట్టెలో కూడా ఒక టైల్ తాగుతుంది, ఇంకోటి తాగదు, రెండు మూడు చోట్ల చూడాలి. నేలకి చెమ్మ ఉందో లేదో కూడా చూసుకోవాలి. పాలిథిన్ కవరు ముక్క పరిచి నాలుగు అంచులకీ టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున కవరు అడుగున నీటిచుక్కలు పట్టాయంటే డబ్బా మూత తీయకండి, ఇంకా ఆరనివ్వండి.

పూసేవాళ్ల సంగతి వేరే రాయాలి. మా రోజుల్లో సందుల్లో సిమెంటు పాలు పోసినవాడు గోనెపట్టా తీసుకుని అప్పటికప్పుడు తుడిచేవాడు. ఇప్పుడు గ్రౌట్ పులిమేసి భోజనానికి పోతున్నారు. పలకరాయి పైభాగం గరుకు, గ్రౌట్ రంగు ఆ గరుకులో దిగిందంటే నేలంతా బూజు పట్టినట్టు ఉంటుంది. అప్పుడు యాసిడ్ సీసా బయటికి వస్తుంది! సున్నపురాయి మీద యాసిడ్ పోస్తే బుసబుసమని రాయినే తినేస్తుంది, పలకరాయిలో కూడా కొన్ని రకాల రంగు చెడుతుంది. అందుకే గ్రౌట్‌కి ముందే ఒక పూత, గ్రౌట్ ఆరాక ఇంకో పూత వేయడం మేలు. గ్రౌట్ ఎన్నాళ్లు ఆరాలో డబ్బా మీద రాసి ఉంటుంది, మేస్త్రీకి ఇంకో సైటు ఉందని ఆ గడువు మారదు.

పూసే ముందు ఊడే పొట్టుని బ్రష్షుతో రాల్చాలి, లేకపోతే సీలర్ పొట్టుకే పట్టి ఊడ్పుతో పాటు చెత్తబుట్టకి చేరుతుంది. ఎండ మీద పడే వేళ వద్దు, ఇంకేలోపే ఆరిపోతుంది. కొంచెం జాగాలో పూయడం, చెప్పిన నిమిషాలు ఆగడం, మిగిలిందంతా పొడిగుడ్డతో శుభ్రంగా ఎత్తేయడం. ఈ ఎత్తేయడమే ఎవరూ చెయ్యరు. "పోసిన డబ్బు తుడిచేయమంటారేంటి సార్" అన్నాడు మా పనివాడు. తుడవకపోతే గీతలు గీతలుగా ఆరుతుందని రెండు టైల్స్ ఆరబెట్టి చూపిస్తే తప్ప నమ్మలేదు. సాల్వెంట్ రకమైతే కిటికీలన్నీ తెరవాలి, ఆ పూట దీపం, అగరొత్తి, పొయ్యి ఏదీ వెలిగించకూడదు.

తర్వాత తుడుపు మామూలు నీళ్లతో, మరీ అయితే ఘాటు లేని సబ్బునీళ్లతో చాలు. బాత్రూం కడిగే యాసిడ్ హాల్లోకి తెచ్చారంటే వేసిన సీలర్ ఆయుష్షు తగ్గినట్టే. కొన్నేళ్లకి మళ్లీ ఒక చెంచాడు నీళ్లు పోసి చూసుకోండి, రాయి తాగడం మొదలుపెడితే ఇంకో పూత.

డబ్బాలో కాస్త మిగిలింది. వంటింట్లో కడప బండ గట్టుకి అది పూస్తే నిమ్మకాయ మచ్చలు పడవు కదా మావయ్యగారూ, అంది మా కోడలు. పడతాయమ్మా అన్నాను. సీలర్ ఆపేది లోపలికి ఇంకేదాన్ని, పులుపు పైపైనే సున్నపురాయిని తినేస్తుంది. చింతపండు పులుసైనా, మజ్జిగైనా అంతే, పడగానే తుడిచేయాలి. నిమ్మకాయ కోసుకోవడానికి చెక్క ఉంది, దాని మీద కోసుకోండి. దానికేం సీలర్ వేయాలని మావాడు మళ్లీ కొట్టుకి బయల్దేరకుండా చూడు.