బ్యాలెన్స్ నాబు

ఒక ఆంప్లిఫయరు, ఒక క్యాసెట్ డెక్కు, మోకాలెత్తు స్పీకర్లు రెండు. అన్నీ కలిస్తే నేను. తొంభైల మొదట్లో, దీపావళి బోనసు చేతికొచ్చిన వారమే బాపు నన్ను గోదావరిఖని లక్ష్మీనగర్‌లో కొని, ఆటోలో యైటింక్లైన్ కాలనీ క్వార్టరుకు తెచ్చాడు.

బాపుది బాయిలో డ్రిల్లింగు పని. బొగ్గు పొరకు తూట్లు పొడిచే మిషను మోత ఏళ్ల తరబడి ఆయన చెవుల్లోకి దిగింది. కుడిచెవి మరీ దెబ్బతింది. మోత వల్ల వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ ఒక్కసారే తీసుకుపోదు. ముందు 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య కొరుక్కుతింటుంది. మనిషి మాట వినబడుతుంది గానీ అందులోని స, శ, త జారిపోతాయి. డోలు దెబ్బ తెలుస్తుంది, తాళాల గలగల తెలియదు.

బాపుకు ఈ లెక్కలు తెలియవు. ట్రెబుల్ నాబు పైకి తిప్పాడు, బ్యాలెన్స్ నాబు కుడికి జరిపాడు, రెండు స్పీకర్ల నడుమ కుర్చీ వేసుకున్నాడు. ఫస్ట్ షిఫ్టు దిగి తానం చేసి అక్కడ కూర్చుంటే, గాయకుడు ఎదురుగా గోడ దగ్గర నిలబడి పాడినట్టుండేది. అక్కడ నిజానికి ఏ స్పీకరూ లేదు. రెండు వైపుల నుంచి వచ్చే ధ్వనిని మెదడు కలిపి మనిషిని నడుమ నిలబెడుతుంది. బ్రిటన్‌లో అలన్ బ్లూమ్‌లీన్ అనే ఇంజనీరు 1931లోనే ఈ స్టీరియో పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. తెర మీద నటుడు ఒక పక్కకు నడుస్తుంటే గొంతు మాత్రం ఇంకో చోటి నుంచి రావడం ఆయనకు నచ్చలేదట. ఆ పట్టింపు వల్లనే నేను పుట్టాను.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి చిన్న ఇంట్లోకి వచ్చాం. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే ఇక్కడా నా అర అదురుతుంది. దుమ్ము నాబుల్లో చేరి తిప్పినప్పుడల్లా గరగర.

మొన్న దసరాకు కొడుకు హైదరాబాదు నుంచి అరచేతిలో పట్టే స్మార్ట్ స్పీకరు తెచ్చాడు. "బాపూ, ఇంక గీ డబ్బాలెందుకే? నోటితోని అడిగితే పాటొస్తది" అన్నాడు.

అది చేసే మేలు పెద్దదే. అవ్వకు మోకాళ్లు పట్టేశాయి, కళ్లలో శుక్లాలు. క్యాసెట్ వెతికి పెట్టడం ఆమె వల్ల కాదు. ఇప్పుడు పిండి చేతులతోనే సుప్రభాతం పెట్టిస్తుంది. ఇలాంటి స్పీకర్లు 2017లో మన దేశానికి వచ్చాయి, తర్వాత హిందీ నేర్చాయి. పాట తెలుగుదైనా పిలుపు మాత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలని అవ్వకు మనవరాలు నేర్పింది. ఆ నాలుగు ముక్కలూ అవ్వ పట్టేసింది.

బాపుకు మాత్రం అది కుదరలేదు. చిన్న డబ్బాలోని చిన్న స్పీకరు ఎక్కువ గాలిని కదపలేదు కాబట్టి డోలు పలచబడింది. ఫోనులో ట్రెబుల్ పెంచి చూపించాడు కొడుకు. మరి కుడిచెవికి కాస్త ఎక్కువ ఇవ్వాలంటే? ఒక్క డబ్బాకు కుడెడమలు ఎక్కడివి! అలాంటివి రెండు కొని జత కలిపితే స్టీరియో అవుతుంది, నిజమే. కానీ బాపు చేతికి కావలసింది తిప్పే నాబు.

ఇంకొకటి ఉంది. కాలనీలో మల్లన్న పట్నాలు వేసిన రాత్రి ఒగ్గుకథను బాపు మైకు పెట్టి నా డెక్కులో రికార్డు చేశాడు. కథ నడుమ నైట్ షిఫ్టు సైరన్ మోగుతుంది. ఎవరో "నేను పోతన్నా, మస్టర్ పడాలె" అంటారు, డోలు ఆగదు. ఆ టేపు ఇంకెక్కడా లేదు. నోటితో అడిగితే నెట్టులో ఉన్నదే ఆ స్పీకరు ఇవ్వగలదు, నెట్టు పోతే అదీ లేదు.

చివరికి కొడుకే ఉపాయం చేశాడు. స్పీకరు వెనక రంధ్రం నుంచి తీగ తెచ్చి నా ఆక్స్‌లో గుచ్చాడు. అడగడం దానితో, పాడడం నాతో. క్యాసెట్ల పనిలో చాలా భాగం అది తీసుకుంది, నాకు బాధ లేదు. స్పీకర్ల పని మాత్రం నాదే, దాన్ని ఎవరికీ ఇవ్వను.

వచ్చే ఆదివారం ఒగ్గుకథను ఫోనులోకి ఎక్కిస్తారట. అంతకు ముందు డెక్కు బెల్టు మార్చాలి, హెడ్డు స్పిరిటుతో తుడవాలి. టేపు పాతది, తెగే ప్రమాదముంది. మొదటిసారి తిప్పినప్పుడే రికార్డు చేసుకోమని చెప్పాలనుంది.