దిగిపోలేని శ్రోతలు: ఒక పల్లె వెలుగు బస్సు ఆత్మకథ

నేను పల్లె వెలుగు బస్సును. హన్మకొండ నుంచి నర్సంపేటకు, నర్సంపేట నుంచి హన్మకొండకు తిరగడమే నా బతుకు. నంబరు ప్లేటు మీద జెడ్ అక్షరం చూస్తే చాలు, ఆర్టీసీ బండినని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మా వంశం 1932లో నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా విభాగంలో 27 బస్సులతో మొదలైంది. అప్పుడూ ఇప్పుడూ ఎక్కినవాళ్లను కండక్టరు అడిగేది ఒక్కటే, ఎక్కడికి అని.

దేవుళ్లతో నాకు పాత చుట్టరికమే ఉంది. దసరాకు డిపోలో నా ముందు గుమ్మడికాయ కొడతారు, అద్దానికి బంతిపూల దండ కడతారు. ఆ దండ కట్టే చేతుల్లో మా ముస్లిం మెకానిక్ చేతులూ ఉంటాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే నా రూటు వదిలేసి ములుగు, తాడ్వాయి మీదుగా అడవిలోకి పోతాను. ఒళ్లో బంగారమనే బెల్లం ముద్దలు, కాళ్ల దగ్గర కోళ్లు, దారి పొడుగునా సమ్మక్క పాటలు. ఆ బండి ఎక్కినవాళ్లంతా ఆ తల్లుల కోసమే ఎక్కారు కాబట్టి ఆ పాట ఎవరికీ బరువు కాదు. మామూలు రోజుల్లో భద్రకాళి గుడికి పోయేవాళ్లు, హన్మకొండలో దిగి బండి మారి కాజీపేట దర్గాకో ఫాతిమా చర్చికో పోయేవాళ్లు నా సీట్ల మీదే పక్కపక్కన కూర్చుంటారు. డ్రైవరన్న అద్దం పక్కన పెట్టుకున్న అమ్మవారి ఫొటో గానీ, ముసలాయన చేతిలో తిరిగే తస్బీ గానీ, పాప మెడలోని సిలువ గానీ ఎవరినీ ఏమీ అడగవు. అవి నాకు ఇష్టం.

నా బాధ వేరే. ఒక రాత్రి ఆఖరి ట్రిప్పు. ఎంజీఎం ఆస్పత్రి దగ్గర ఒక అవ్వ ఎక్కింది. కొడుకును వార్డులో వదిలి, పైసలు తేవడానికి ఊరికి పోతోంది. వరంగల్ దాటగానే తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన సీట్ల మధ్య దారిలో లేచి నిలబడి బైబిలు వాక్యం మొదలుపెట్టాడు. మంచి గొంతు. మాటల్లో కపటం లేదు. అంతకు కాసేపటి ముందే ఒక ముసలాయనకు తన సీటు ఇచ్చిన మనిషి. రోగాలు పాపం వల్ల వస్తాయనీ, మారుమనసు పొందనివాళ్లకు అగ్నిగుండం తప్పదనీ చెప్పుకుపోయాడు.

“గంత పాపం నా కొడుకేం జేసిండు బిడ్డా?” అని అవ్వ పక్కనున్న ఆమెను అడిగింది. ఆమె దగ్గర జవాబు లేదు. గిర్నిబావి ఇంకా దూరం, బయట చీకటి, నా వెనక ఇంకో బస్సు లేదు. అవ్వ దిగి ఎక్కడికి పోతుంది?

ఆయన అబద్ధం ఆడుతున్నాడని నేను అనను. తాను చెప్పకపోతే ఈ మనుషులంతా నశించిపోతారని నిజంగా నమ్మినవాడు నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ నమ్మకం ఖరీదు ఆ రాత్రి అవ్వ కట్టింది.

తరువాత జరిగింది ఇంకా ఘోరం. వెనక సీట్లో కుర్రాళ్లు లేచి తమ దేవుడి పేరు నినాదంగా అరవడం మొదలుపెట్టారు. ఒకడు ఆయన చేతిలోని చిన్న పుస్తకాలు లాగి చింపేశాడు. పిల్లలు ఏడ్చారు. కండక్టరు విజిలేసి బండి ఆపించింది. “తమ్మీ, చెయ్యి తీయ్. సార్, మీరు కూసోండ్రి. గిది అందరి బస్సు” అంది. ఆ తర్వాత నర్సంపేట దాకా ఎవరూ మాట్లాడలేదు. ఆయన మాట ఆపాల్సిందే, కానీ ఆపాల్సింది ఆ చేతులు కాదు.

దీన్ని ఒక్క మతం తప్పుగా రాసుకునేవాళ్లకు కార్తీక మాసం సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నే మొదటి ట్రిప్పులో ఒక పెద్దాయన ఫోనులో ప్రవచనం పెట్టాడు. బస్సంతా వినబడేంత గట్టిగా. పొద్దున లేవగానే భర్త లేని ఆడదాని ముఖం చూడకూడదని అందులో ఎవరో చెబుతున్నారు. ఆయన ముందు సీట్లోనే కూరగాయల గంపతో ఒకామె కూర్చుంది, బొట్టు లేని నుదురు. ఆమె కొంగు ముందుకు లాక్కుని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఫోను తగ్గించమని ఒక్కరూ అనలేదు. వాక్యం చెప్పినాయన మీద లేచిన బస్సే ఇది. ఇక్కడ మాత్రం, మనవాళ్ల మాటే కదా అని ఊరుకుంది. ఎక్కువమంది వినేది కాబట్టి అది ప్రచారం కాకుండా పోతుందా? ఆ గంప మోసుకొచ్చిన ఆమెను అడిగితే తెలుస్తుంది.

వరంగల్ కోర్టుకు పోయే ఒక లాయరు ఈ సంగతే పక్కాయనకు వివరిస్తుంటే విన్నాను. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. అదే అధికరణం ప్రతి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛ కూడా ఇచ్చింది. మద్రాసులో ఒక చర్చి లౌడ్‌స్పీకర్ల కేసులో, పక్కవాళ్ల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు 2000లో అంది. శబ్ద కాలుష్యం మీద 2005లో ఇచ్చిన తీర్పులో, మాట్లాడే హక్కు ఒకరికి ఉంటే వినను అనే హక్కు ఎదుటివాడికీ ఉందని, బలవంతంగా ఎవరి చేతా వినిపించలేరని చెప్పింది. ఆ తీర్పులు మైకుల గురించి వచ్చినవి. కానీ కదిలే బస్సులో మైకు లేని గొంతు కూడా తప్పించుకోలేనిదే.

చౌరస్తాలో ఎవరైనా ఏదైనా చెప్పుకోవచ్చు. మన ఊళ్లలో బుర్రకథలు, ఒగ్గు కథలు, తత్వాలు అట్లాగే బతికాయి. నచ్చినవాడు నిలబడతాడు, నచ్చనివాడు తన దారిన పోతాడు. నా లోపల ఆ దారి లేదు. పేదవాడికి, ఆడవాళ్లకు, పిల్లలకు నేను తప్ప వేరే బండి లేదు. 2023 డిసెంబరులో ఉచిత ప్రయాణపు మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లు మునుపటికన్నా ఎక్కువగా ఎక్కుతున్నారు, నిలబడటానికే జాగా ఉండదు. అట్లా ఇరుక్కుని నిలబడ్డ మనిషి చెవిని ఎవరూ తమదిగా వాడుకోకూడదు.

మాట మొత్తానికే వద్దని నేను అనడం లేదు. రంజాన్ నెలలో ఒక పాస్టరు, ఒక సాయిబు పక్కపక్కన కూర్చుని ఉపవాసాల గురించి హన్మకొండ దాకా మాట్లాడుకున్నారు. ఒకరు అడిగారు, ఇంకొకరు చెప్పారు. మూడో మనిషి నిద్ర కూడా చెడలేదు. అడిగినవాళ్లకు చెప్పుకోండి. దిగాక చెప్పుకోండి.

నా గోడల మీద పొగ త్రాగరాదని ఉంది. చేతులు, తల బయట పెట్టరాదని ఉంది. ఆర్టీసీ అధికారులారా, వాటి పక్కన ఇంకో వాక్యం రాయించండి: ఈ బస్సులో ఏ మత ప్రచారమూ చెయ్యరాదు, ఫోను స్పీకరు పెట్టరాదు. డ్రైవరు పెట్టుకునే పాటలకూ అదే వర్తించాలి. ప్రయాణికులారా, ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే అరవకండి, చెయ్యి చేసుకోకండి, కండక్టరుకు చెప్పండి. మీ దేవుడి మాట మీ ఫోనులో మోగుతుంటే మాత్రం ఎవరూ చెప్పకముందే మీరే తగ్గించండి.