ఆర్చి కట్టారు, రోడ్డేదీ?

మా చైర్మన్ గారు కాలేజీ పెట్టకముందు వెంచర్లు వేసేవారు. పొలంలో ముందుగా ఆర్చి లేచేది. అటొక సిమెంటు ఏనుగు, ఇటొక సిమెంటు ఏనుగు, మధ్యలో బంగారు రంగు అక్షరాలతో పేరు. రోడ్డు, కాలవ, కరెంటు స్తంభాలు మాత్రం ఎప్పుడడిగినా వచ్చే నెలే. ఆ వచ్చే నెలను నమ్మి ప్లాట్లు కొన్నవాళ్ల పిల్లలే ఇప్పుడు మా దగ్గర బీటెక్ చదువుతున్నారు. ఆయన వ్యాపారం మార్చారు గానీ చేతివాటం మారలేదు. 2024లో వర్చువల్ రియాలిటీ ల్యాబు పెట్టారు. ముప్పై హెడ్‌సెట్లు దిగాయి. ఆర్చి లేచిందన్నమాట. మరి రోడ్డేదని ఎవరో ఒకరు అడగాలి కదా, నేనే అడిగాను. నెట్‌వర్క్ ఇన్‌చార్జిని మరి. కనీసం జీతాల రిజిస్టర్‌లో అలాగే రాసుంది.

"వైఫై ఉందిగా!" అన్నారు.

ఉంది. వరండాలో, దొంగలెత్తుకుపోతారని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంది. ఇనుప పంజరంలో రేడియో తరంగాల గతి ఏమవుతుందో మా ఫిజిక్స్ మేడమ్ ఆ పెట్టెకు పది అడుగుల దూరంలోని క్లాసులోనే ఫారడే పేరు చెప్పి పాఠం చెబుతారు. పెట్టె తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర ఉంటుంది. స్టోర్‌కీపర్ ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

ఒక కాగితం మీద పద్ధతిగా రాసి పంపాను. ల్యాబు సీలింగుకు రెండు యాక్సెస్ పాయింట్లు, కరెంటూ డేటా ఒకే కేబుల్లో పంపే స్విచ్చి ఒకటి, హెడ్‌సెట్లకు మాత్రమే విడిగా ఒక నెట్‌వర్కు. అన్నీ కలిపినా నాలుగు హెడ్‌సెట్ల ఖరీదు దాటదు. నాలుగో రోజున కాగితం తిరిగొచ్చింది. పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ఒక ప్రశ్న: "ఇవి ఫొటోలో పడతాయా?"

పడవు. సీలింగుకు అతికించిన తెల్ల పళ్లెం ఏ బ్రోషర్లో పడుతుంది? అదే తలకు పెట్టె కట్టుకుని, నోరు తెరిచి, చేతులు గాల్లో ఆడిస్తున్న అమ్మాయి ఫొటో అయితే హైవే మీద నలభై అడుగుల హోర్డింగ్ అవుతుంది. అడ్మిషన్ల కాలంలో తండ్రులు చూసేది ఆ హోర్డింగునే.

హైదరాబాదు నుంచి వచ్చిన వెండర్ కుర్రాడు ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. "వైఫై గురించి భయపడకండి సార్, ఇందులో సిక్స్ ఈ ఉంది" అన్నాడు. సిక్స్ ఈ అంటే 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో కూడా నడిచే వైఫై. ఆ బ్యాండులో అమెరికావాళ్లు 2020 ఏప్రిల్‌లోనే 1200 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకొమ్మని వదిలేశారు. మన దేశంలో అందులో కింది 500 మెగాహెర్ట్జ్ కోసం ముసాయిదా నిబంధనలు వచ్చిందే 2025 మేలో. అంటే మాకు ఆ హెడ్‌సెట్లు అమ్మేనాటికి ఇక్కడ ఆ దారి తెరవనే లేదు. ఈ సంగతి చైర్మన్ గారి చెవిన వేశాను. ఆయన కుర్రాడి వంక మెచ్చుకోలుగా చూశారు. రాబోయే రింగు రోడ్డును చూపించి ప్లాటు అమ్మడం ఎంత గొప్ప విద్యో ఆయనకు కాక ఎవరికి తెలుసు?

పోనీ 5 గిగాహెర్ట్జ్ సంగతి చూద్దామా? అందులో 605 మెగాహెర్ట్జ్‌ను మన ప్రభుత్వం 2018 అక్టోబరులోనే ఊరికే వాడుకొమ్మంది. మా వరండా పెట్టెకు ఆ కబురు అందలేదు. దానికి తెలిసిందల్లా 2.4. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా నడిచే చానెళ్లు మూడే: 1, 6, 11. ఆ మూడింటి మీదా మా హాస్టల్ పిల్లల హాట్‌స్పాట్లు ఎప్పుడో గుడిసెలు వేసుకున్నాయి.

"మేనేజ్‌డ్ హెడ్‌సెట్లు" అని బిల్లులో గొప్పగా రాశారు. అసలు ఈ హెడ్‌సెట్ పుట్టిందే ఇంటి ఆటవస్తువుగా. ఒక మనిషి, ఒక ఖాతా, హాల్లో ఒక రౌటరు, ఇదీ దాని లోకం. 2020లో వచ్చిన క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్ అయితే మొదట్లో ఫేస్‌బుక్ ఖాతా లేనిదే తలుపు తీసేది కాదు, 2022 ఆగస్టులో గానీ ఆ పట్టు సడలలేదు. అలాంటి ఒంటికాపురం వస్తువును ముప్పై మంది వాడే తరగతికి తేవాలంటే దాని పగ్గాలు పిల్లల చేతిలో కాక ఆఫీసులోని ఒక సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండాలి. ఏ యాప్ కనబడాలి, ఎప్పుడు అప్‌డేట్ కావాలి, ఏ వైఫైకి కట్టుబడాలి, అన్నీ అక్కడినుంచే జరగాలి. బాగుంది. వైఫై వివరాలు కూడా ఆ సాఫ్ట్‌వేరే పంపిస్తుంది. దేని ద్వారా పంపిస్తుంది? వైఫై ద్వారా. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. పెట్టె విప్పినప్పుడే వివరాలన్నీ ఎక్కించి ఇస్తామని వెండర్ అన్నాడు. అతను ఎక్కించినవి వాళ్ల ఆఫీసు వైఫై వివరాలు. మా ముప్పై హెడ్‌సెట్లూ బంజారాహిల్స్‌లోని రౌటరు కోసం ఇక్కడ బెంగపెట్టుకుని కూర్చున్నాయి.

మా కాలేజీ వైఫై ఎక్కాలంటే లాగిన్ పేజీ తెరుచుకోవాలి. హాల్‌టికెట్ నంబరు కొట్టాలి. ఫోనుకు ఓటీపీ వస్తుంది, అది చూసి కొట్టాలి. హెడ్‌సెట్‌కు హాల్‌టికెట్ లేదు, ఫోను లేదు. ఒకే యాప్‌కు కట్టిపడేశాం కాబట్టి పేజీ తెరవడానికి బ్రౌజరూ లేదు. "మరి విద్యార్థి ఫోనుకే ఓటీపీ రప్పిద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు. తలకు పెట్టె పెట్టుకున్న పిల్లవాడు ఫోను ఎలా చూస్తాడండీ? "పక్కవాడు చదువుతాడు" అన్నారు. పరీక్ష హాల్లో వద్దన్న పనిని ల్యాబులో తప్పనిసరి చేయడంలో ఆయన ఉదారతకు నమస్కారం.

చివరికి కోర్ స్విచ్చిలో ఎవరూ చూడకుండా విడిగా ఒక నెట్‌వర్కు తెరిచాను. పాస్‌వర్డు పద్ధతి మాత్రం మేనేజ్‌మెంటుదే: ట్రస్టు పేరు, చైర్మన్ గారి నాన్నగారి పేరు, స్థాపించిన సంవత్సరం, మధ్యలో ఒక నక్షత్రం గుర్తు. ఇరవై ఆరు అక్షరాలు. దాన్ని హెడ్‌సెట్లో కొట్టడం ఎలాగో చెబుతాను. కళ్లముందు గాల్లో కీబోర్డు తేలుతుంది. చేతిలోని కంట్రోలర్ నుంచి ఒక వెలుగు గీత బయల్దేరుతుంది. ఆ గీత కొసను అక్షరం మీద నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. చెయ్యి ఆవగింజంత వణికితే పక్క అక్షరం పడుతుంది. పడిన అక్షరాలు చుక్కలుగా కనబడతాయి కాబట్టి తప్పెక్కడుందో తెలియదు. నక్షత్రం కోసం ఇంకో పేజీకి వెళ్లి వెనక్కి రావాలి. ఒక్కో దానికి సగటున మూడు ప్రయత్నాలు. అలా ముప్పై. తొమ్మిదోదానికి భుజం పట్టేసింది. పదిహేనోదానికి చైర్మన్ గారి పితృదేవులను పేరుపేరునా తలచుకున్నాను, అక్షరం పొల్లుపోకుండా.

ప్రారంభోత్సవం రోజున ఏం జరిగిందంటే...

పొద్దున్నే పంతులుగారు వచ్చి ముప్పై హెడ్‌సెట్లకూ గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టారు, ముందువైపు కెమెరాల మీద. ఆ పెట్టెకు గది కనబడేది ఆ కెమెరాల లోంచే. పాపం పంతులుగారిని ఏమనగలం, కళ్లు కనబడితే బొట్టు అక్కడే పెట్టాలని ఆయనకు తోచింది. స్పిరిటూ దూదీ తెచ్చి గంటసేపు తుడిచాను. ఈలోగా వెండర్ ఎక్కణ్ణుంచో ఒక అరువు రౌటరు తెచ్చి, దానికీ అదే పేరూ పాస్‌వర్డూ పెట్టి, 5 గిగాహెర్ట్జ్‌లో చానెల్‌ను "ఆటో"లో పెట్టాడు. అది వెళ్లి రాడార్ చానెల్ మీద కూర్చుంది.

ముఖ్య అతిథి గారు వచ్చారు. ఈయనదీ ముప్పై ఏళ్ల రియల్ ఎస్టేట్ అనుభవమే. హెడ్‌సెట్ పెట్టుకోగానే అది అడిగే మొదటి పని, కంట్రోలర్‌తో నేలమీద గీత గీసి నీ హద్దులు చూపించమని. ఆయన ముఖం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక యంత్రం ఆయన భాష మాట్లాడింది. నిదానంగా, నలువైపులా, ప్రిన్సిపాల్ గారి కుర్చీతో సహా కలిపేసుకుని హద్దు వేశారు. చప్పట్లు.

అప్పుడే ముప్పై హెడ్‌సెట్లూ ఒక్కసారిగా నిద్రలేచి అప్‌డేట్ కావాలన్నాయి. తలా రెండు జీబీ. "మనది వంద ఎంబీపీఎస్ లైను" అని ప్రిన్సిపాల్ గారు మైకులో చెబుతున్నారు. లెక్క వేయండి. అరవై జీబీ. కాలేజీ మొత్తం నెట్టు ఆపి ఆ లైనంతా వీటికే ధారపోసినా గంటా ఇరవై నిమిషాలు. అదైనా వైరు వరకే. వైరు దిగి గాల్లోకి వచ్చాక ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కటే మాట్లాడాలి, మిగతావి నోరు మూసుకోవాలి. ఒకే మైకున్న సభలో ముప్పై మంది వక్తలను ఊహించుకోండి. పైగా ఎవరి ప్రసంగం ఎవరికీ అక్కర్లేదు.

అంతలో అరువు రౌటరుకు ఏదో రాడార్ చప్పుడు వినిపించింది. నిజంగా రాడారో, దాని భ్రమో! నిబంధన ప్రకారం వెంటనే ఆ చానెల్ దిగిపోవాలి, అరగంట దాకా దాని వంక చూడకూడదు. మంత్రిగారి కాన్వాయ్ వస్తుంటే మన బండి మట్టిలోకి దిగినట్టు అది దిగిపోయింది. దానితోపాటు ముప్పై హెడ్‌సెట్లూ దిగిపోయాయి.

ముఖ్య అతిథి గారి కళ్లముందు ఒక చక్రం తిరుగుతోంది. "ఏం కనబడుతోందండీ?" అని చైర్మన్ గారు అడిగారు. "చక్రం" అన్నారాయన. "సుదర్శన చక్రం!" అని పంతులుగారు అందుకున్నారు. ఇంకోసారి చప్పట్లు.

ఆయన చూస్తున్నది గోడమీది తెరలో అందరికీ చూపించాలని కూడా అనుకున్నాం. అరువు రౌటరు పడిపోయాక తెరనూ హెడ్‌సెట్‌నూ నేను విడిగా తెరిచిన నెట్‌వర్కు మీదికి తెచ్చి చూశాను. తెచ్చి లాభం లేదు. కాలేజీ వైఫైలో ఎక్కడైనా ఒక పరికరం ఇంకో పరికరాన్ని పలకరించకూడదని కట్టడి ఉంది, క్లయింట్ ఐసోలేషన్ అంటారు. ఒకే గదిలో పక్కపక్కనే ఉన్నా తలొంచుకుని పోవాలి, మాటామంతీ ఏదైనా ఉంటే బయటి ఇంటర్నెట్‌తోనే. హాస్టల్లో ఒకరి ఫోన్లోకి ఒకరు దూరకుండా అది మంచిదే. దాన్ని ఈ గదికి సడలించాలంటే కమిటీ అనుమతి కావాలన్నారు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరు మెట్లు కట్టిన కమిటీ అది. ఆ సాయంత్రం తెరమీద యూట్యూబు నుంచి దించిన గుండె వీడియో ఆడింది. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు కాలాల ఫొటో. వీడియో బాగుందని అందరూ అన్నారు.

అరువు రౌటరు ఆ రాత్రికే వెళ్లిపోయింది. హెడ్‌సెట్లు బీరువా చేరాయి. ఆరునెలల తర్వాత తనిఖీ బృందం వస్తోందని తీస్తే బ్యాటరీలు చచ్చి, గడియారాలు ఎక్కడికో వెనక్కి పోయాయి. నెట్టుకు కట్టబోతే సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, నమ్మను పొమ్మన్నాయి. గడియారం సరిచేసుకోవడానికి నెట్టు కావాలి, నెట్టు కావాలంటే గడియారం సరిగ్గా ఉండాలి. ఇందాకటి పిచ్చీ పెళ్లే, ఈసారి ముహూర్తం కూడా తప్పింది.

సంక్రాంతి సెలవులకు హాస్టల్ ఖాళీ అయింది. భోగి ముందురోజు స్టోర్‌కీపర్ దొరికాడు. తాళంచెవి తీసుకుని, ఇనుప పెట్టె తెరిచి, రౌటరును ల్యాబు మధ్యలో స్టూలు మీద పెట్టాను. హాట్‌స్పాట్ అన్నది ఒక్కటి లేదు, మూడు చానెళ్లూ వాన కడిగిన వీధిలా ఉన్నాయి. గడియారాలు చేత్తో దిద్ది, ముప్పైనీ చార్జింగుకు పెట్టి ఇంటికెళ్లాను. మర్నాడు వచ్చేసరికి అప్‌డేట్లన్నీ అయిపోయాయి. భోగిమంట దగ్గర్నుంచి వాచ్‌మన్ తాతను పిలిచి ఒకటి తలకు పెట్టాను. గుండె విచ్చుకుంది, రక్తం అటునుంచి ఇటు వెళ్లింది. తాత చెయ్యి చాచి దాన్ని తడిమాడు, తన ఛాతీ మీద ఇంకో చెయ్యి పెట్టుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"పిల్లలున్నప్పుడు ఇది ఎందుకు పనిచెయ్యదు బాబూ?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కుంటుండగా ఫోను మోగింది. చైర్మన్ గారు. సీసీ కెమెరాలో చూస్తున్నారట. "చూశావా, నే చెప్పలా, పనిచేస్తుందని! ఆ పాత రౌటరు ఏం తక్కువైందయ్యా? ఇప్పుడే ఇంకో ముప్పైకి ఆర్డర్ పెట్టాను. ఆ రౌటరును మాత్రం మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యి."