సి పోతే పోయింది, డి ఉందిగా!

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత అప్‌డేట్లు ఆగిపోతాయని తెలిశాక నాకు ఎక్కడలేని జ్ఞానం పుట్టుకొచ్చింది. ముత్తుకూరులో నా డీటీపీ షాపు కంప్యూటరు రెండో తరం ఐ3. విండోస్ 11 పద్ధతిగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమన్నా ఉండాలి, టీపీఎం 2.0 ఉండాలి. కొత్తది కొనే డబ్బుల్లేవని చెప్పుకోలేక ‘నేను లినక్స్‌లోకి పోతా ఉండా’ అని బజారంతా చాటుకున్నా. లేమికి సిద్ధాంతం తొడిగితే ఎంత దర్జాగా ఉంటుందో!

పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లినక్స్ ఎక్కించి బూట్ చేశా. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిపి చూసుకోవచ్చని చెప్పింది. నడిపి చూడ్డమేంది, మనమేమన్నా కొత్తవాళ్ళమా? ప్రింటరు పలుకుతుందో లేదో ఆ పూటే తేలిపోయేది. ‘ఎరేజ్ డిస్క్’ అన్న చోట ఆగాను కూడా. ఆగి, పోయేది సి డ్రైవే కదా, పెళ్ళికార్డులూ కరపత్రాలూ డిలో ఉండాయి కదా అని ధైర్యం చెప్పుకున్నా. సి, డి రెండూ ఒకే డిస్కులో గీసుకున్న గీతలని ఇన్నేళ్ళు దానిమీద బతికినవాడికి తోచలేదు. రొయ్యల గుంటకు మధ్యలో గట్టేస్తే నేల రెండవుతుందా? మార్పులు డిస్కు మీద రాయమంటావా అని పాపం మళ్ళీ అడిగింది. కంటిన్యూ కొట్టా.

చెన్నైలో ఉండే మేనల్లుడికి ఫోన్ చేశా.

“బ్యాకప్ ఎక్కడుంది మామా?”

“డిలోనే ఉందిరా అబ్బయా.”

అవతల చాలాసేపు మాట లేదు.

అంతటితో అయిందా! ఒకాయన గంగమ్మ జాతర కరపత్రం పాత వర్డ్ ఫైలు తెచ్చాడు, తేదీ మార్చి అచ్చేయమని. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు. ఆయన స్క్రీన్ వంక చూసి, “ఏంది సామీ, అమ్మవారికి ఇంగ్లీషు వచ్చా?” అన్నాడు. అను ఫాంటులో టైపు చేసిన ఫైలది. యూనికోడ్‌లో తెలుగక్షరాలకు సొంత నెంబర్లున్నాయి. అను పాత ఫాంట్లలో అట్లా కాదు, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన నెంబర్లలోనే తలకట్లూ గుడులూ వొత్తులూ కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని చోట అసలు సరుకు బయటపడుతుంది. పోనీ ఫాంటు తెచ్చి వేస్తే చదవడం వరకు కుదిరింది. టైపు చెయ్యాలంటే అను స్క్రిప్ట్ మేనేజర్ ఉండాలి, అది విండోస్ ప్రోగ్రామ్. అంటే నాకు తిండి పెట్టేది విండోసూ కాదు, లినక్సూ కాదు, అను. ఆ సంగతి షాపు తెరిచిననాటి నుంచీ నా కళ్ళముందే ఉంది.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో కుస్తీపట్టి, ‘క్ష’ కోసం కీబోర్డంతా గాలించి, గిరాకీలను రేపు రమ్మని తిప్పా. ఐబస్‌లో ఎం17ఎన్ వేసుకుంటే అనులో నా చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు అమరిక కూడా తెలుగుకు ఉంటుందని తర్వాత మేనల్లుడు చెప్పాడు. నేను అడగలేదంట.

ఇప్పుడు బల్లమీద రెండు పెట్టెలు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత విండోస్ దానికి నెట్ పీకేసి అను పనికి, లినక్సేమో మిగతా వాటికి. దాంతో నాకు పేచీ లేదు, నెమ్మదిగా ఉంది, బాగుంది. బ్యాకప్‌కని మేనల్లుడు బయట తగిలించే హార్డ్ డిస్కు కొనిచ్చి, షాపులో వద్దు, ఇంట్లో పెట్టు మామా అన్నాడు. ప్రస్తుతానికి షాపు సొరుగులోనే ఉంది.