పేషెంట్ ఎక్కడ?

మహారాష్ట్రలోని సిరొంచలో పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, గోదావరి వంతెన దాటి తెలంగాణ కాలేజీల ఏజెంట్లు దిగిపోతారు. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. వంతెన అవతలి కాళేశ్వరం మాత్రం కూతవేటు. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ అయిన పిల్లకు నర్సింగ్ సీటంటే, 'అక్కడంతా మన భాషే కదన్నా' అన్న ఒక్క మాటకే తండ్రి జేబు తెరుచుకుంటుంది. తీరా కన్వీనర్ కోటా దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల నాన్‌లోకల్! మాటకు లేని సరిహద్దు సీటుకుంది మరి.

ఇక బ్రోచర్ చూడండి. ఏసీ బస్సు, వైఫై హాస్టల్, వార్షికోత్సవంలో డ్యాన్సు. బొమ్మల్లో అన్నీ ఉన్నాయి, రోగి ఒక్కడే లేడు. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కన ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగులుండాలి. కొన్నిచోట్ల తనిఖీ రోజున ఆ లెక్క నిక్కచ్చిగా కుదురుతుంది. వాచ్‌మన్‌కు జ్వరం, వంటామెకు కడుపునొప్పి, బస్సు డ్రైవరుకు సెలైన్. తనిఖీ వాళ్ల కారు గేటు దాటగానే ముగ్గురికీ నయం! అంత వైద్యం ధన్వంతరికీ చేతకాదు.

కాబట్టి అన్నా, హాస్టల్లో చికెన్ ఏ రోజో తర్వాత అడుగుదువుగాని. ముందు పిల్లలకు డ్యూటీలు ఏ ఆస్పత్రిలో వేస్తారో అడుగు. చెప్పాపెట్టకుండా ఓ మధ్యాహ్నం వార్డులోకి నడు. దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయా, పిల్లను తీసుకుని వచ్చేయ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకు.

అన్నట్టు, ఆ ఏజెంటు సొంత కూతురు ఎక్కడ చదువుతోందో కూడా కనుక్కో. బీటెక్ అంటాడు.