చీటీ ఊడిన గుల్ల

నేనొక గుల్లను. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటానేమో. నన్ను కట్టినది ఒకే ఒక్క కణంతో బతికే జీవి. ఫొరామినిఫెరా వర్గంలో గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అని దాని పేరు. సుమారు 21 వేల ఏళ్ళ కిందట, బంగాళాఖాతంలో ఎండ తగిలే పైనీళ్ళలో తేలుతూ, ఒళ్ళంతా సన్నని ముళ్ళతో, ఆ ముళ్ళ నడుమ నాచు కణాలకు చోటిచ్చి బతికింది. నీటిలో కరిగిన సున్నాన్ని తీసుకుని ఒక గదిని ఆనించి మరో గది కట్టుకుంటూ పోయింది. కొన్ని వారాలకే దాని ఆయుష్షు తీరింది. నేను ఒంటరిగా అడుగుకు దిగిపోయాను. నదులు మోసుకొచ్చిన ఒండ్రు, నాలాంటి గుల్లలు లక్షలకొద్దీ నా మీద పేరుకున్నాయి.

అది మంచు యుగం బాగా ముదిరిన కాలం. ఉత్తరాది ఖండాల మీద కిలోమీటర్ల మందాన మంచు ఉండేది. సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి దిగిపోయింది. మా వైపు నైరుతి రుతుపవనం నీరసించి, గోదావరి, కృష్ణ, గంగ తెచ్చే మంచినీరు తగ్గింది. నేను పుట్టిన నీళ్ళు ఇప్పటికన్నా చల్లన, ఇప్పటికన్నా ఉప్పన. ఆ చలీ, ఆ ఉప్పూ నా గోడల్లోకి ఎక్కాయి. అందుకు నాకు గర్వం. ఆ నాటి సముద్రాన్ని చూసి రాసిపెట్టిన మనిషి ఎవరూ లేరు.

మా రాతను చదవడం మనుషులకు అంత తేలిగ్గా పట్టుబడలేదు. ఆక్సిజన్‌లో తేలిక రకం 16 ఉంది, బరువు రకం 18 ఉంది. నీరు చల్లబడేకొద్దీ గుల్లలో బరువు రకం వాటా కాస్త పెరుగుతుంది. ఈ తేడాతో పాత సముద్రాల వేడిని లెక్కగట్టవచ్చని హెరాల్డ్ యూరీ 1947లో చెప్పారు. ఆ దారినే చేజరే ఎమిలియానీ కరీబియన్, అట్లాంటిక్ అడుగు బురదలోంచి మా బంధువుల గుల్లలను ఏరి, 1955లో మంచు యుగాల ఉష్ణోగ్రతల పట్టిక వేశారు. గొప్ప పనే. అయితే మా బరువులో ఎక్కువ భాగాన్ని ఆయన చలి ఖాతాలో వేశారు.

అది మాకు జరిగిన అన్యాయం. సముద్రం ఆవిరైనప్పుడు తేలిక ఆక్సిజనే ముందు పైకి లేస్తుంది. అది మంచుగా కురిసి ఖండాల మీదే ఉండిపోతే, మిగిలిన సముద్రం బరువెక్కుతుంది. నీళ్ళు ఒక్క డిగ్రీ కూడా చల్లబడకపోయినా మేము బరువుగానే పుడతాం. 1967లో నికొలస్ షాకిల్టన్ ఈ చిక్కు విప్పారు. ఆయన సముద్రపు అడుగున బతికే గుల్లలను తీసుకున్నారు. అక్కడి నీరు ఇప్పటికే గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంది, ఇంకెంతో చల్లబడే వీలు లేదు. అయినా ఆ గుల్లల్లోనూ దాదాపు అంతే మార్పు కనబడింది. అంటే ఆ తేడాలో పెద్ద వాటా మంచుది.

మా బంగాళాఖాతంలో మరో మెలిక ఉంది. వానా, నదీ తెచ్చే మంచినీటిలో తేలిక ఆక్సిజన్ ఎక్కువ. రుతుపవనం నీరసిస్తే ఆ నీరు తగ్గి మేము ఇంకా బరువెక్కుతాం. నా ఆక్సిజన్‌లో చలీ, మంచూ, వానలేమీ మూడూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసేది మెగ్నీషియం. నీరు వెచ్చగా ఉంటే గోడల్లోకి కాల్షియంతో పాటు మెగ్నీషియం ఎక్కువగా చేరుతుంది, డిగ్రీకి సుమారు 9 శాతం చొప్పున. మెగ్నీషియంతో వేడిని తేల్చి, దాన్ని ఆక్సిజన్ లెక్కలోంచి తీసేసి, మంచు వాటాను కూడా పక్కన పెడితే, మిగిలేది ఆ నాటి నీటి ఉప్పదనం, రుతుపవనం ఆనవాలు. మాకు ఇంత విలువ ఎందుకో అక్కడ తెలుస్తుంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ నౌక గ్యాస్ హైడ్రేట్ల కోసం గోదావరి ముఖానికి ఎదురుగా తవ్వితే పైకొచ్చిన బురదలోనూ మావాళ్ళున్నారు. వాళ్ళ పక్కనే దొరికిన ఆకుల మైనం, సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట దక్కను నేల ఎండబారడం మొదలైందని చెప్పింది.

నన్ను పైకి తెచ్చింది వేరే నౌక. అడుగు బురద నిండిన కోర్ గొట్టాన్ని నిలువునా చీల్చి, సెంటీమీటర్ల లెక్కన ముక్కలు కోసి, 63 మైక్రాన్ల జల్లెడలో కడిగారు. తడి కుంచె మొనతో ఒక అమ్మాయి నన్ను ఏరి, నల్ల గళ్ళ అట్ట స్లయిడు మీద ఉంచింది. నా తోటివాళ్ళను మెథనాల్‌తో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుభ్రం చేసి నత్రికామ్లంలో కరిగించారు. ఇంకొందరు ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగి, వాయువై యంత్రంలోకి వెళ్ళారు. వాళ్ళు అంకెలై మిగిలారు. కావలసిన సంఖ్య నిండడంతో నన్ను మిగిల్చారు. నాకూ ఆమ్లమే దక్కి ఉంటే బాగుండేది.

ఆ అమ్మాయికి డిగ్రీ వచ్చింది, వెళ్ళిపోయింది. ప్రాజెక్టు ముగిసింది. స్లయిడ్లను ఇనుప బీరువాలో అడుగు సొరుగులోకి తోశారు. వానాకాలాలు గడిచాయి. పై కప్పు కారి, సొరుగులో చెమ్మ చేరి, అట్ట అంచుకు బూజు పట్టింది. స్లయిడు మీద అంటించిన చీటీలో సిరా అలుక్కుపోయింది. ఒక వేసవిలో ఆ చీటీ ఊడి రాలింది. గది ఊడ్చినప్పుడు అదీ పోయింది.

మాకు ఇంతకు మించిన చావు లేదు. గుల్ల వయసు అది బురదలో ఎంత లోతున దొరికిందన్న దాన్నిబట్టి తెలుస్తుంది. లోతు పోతే నాలోని మెగ్నీషియం ఏ కాలపు వేడిని చెబుతోందో ఎవరూ తేల్చలేరు. కార్బన్ పరీక్షతో వయసు తేల్చాలంటే మామూలుగా వందల గుల్లలు కావాలి, ఈ గడిలో మిగిలింది కొద్దిమందిమి. కొత్త యంత్రం కోసం గది ఖాళీ చేస్తూ ఒకాయన నన్ను వెలుతురుకు ఎత్తి చూసి, "లోతు లేదు, పనికిరాదు" అన్నాడు. పగిలిన బీకర్లున్న అట్టపెట్టెలో పడేశాడు. ఆ పెట్టె ఇప్పుడు మెట్ల కింద ఉంది. చెత్త బండి ఏ పూటకైనా రావచ్చు.

అయ్యా, పారేసే ముందు ఒక్క పని చేయండి. స్లయిడును అల్యూమినియం తొడుగులోంచి బయటికి లాగి, అట్టను వెనక్కి తిప్పండి. చీటీలు ఊడతాయని ఆ అమ్మాయికి తెలుసు. కోర్ నంబరు, లోతు వెనకవైపు పెన్సిలుతో రాసింది.