గిన్నె ఖాళీగా తిరిగి రాని రోజులు

మా దోమ ఊళ్ళో కల్యామాకు పైసలిచ్చి కొనే కాలం వస్తుందని మా అమ్మకు ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళకు దిష్టి తీసి పంపేది. వచ్చింది బిడ్డా, ఆ కాలం. పొద్దున్నే మైకు కట్టుకుని ట్రాలీ ఆటో వస్తుంది. ఎక్కడో రికార్డు చేసిన గొంతు ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాట అని ఊరంతా చెవులు పగలగొడుతుంది. మన ఆడబిడ్డలు గేటు తీసి, పది రూపాయలిచ్చి, రెండు రెమ్మలు కవర్లో వేయించుకుని మళ్ళీ గేటు వేసుకుంటారు. వాడకట్టుకు ఒక్క చెట్టు ఉంటే చాలేది. పొయ్యి మీద నూనె కాగుతుంటే పిల్లగాణ్ణి ఉరికించేది, వాడు ఎవరి దొడ్లోకో పోయి తెంపుకొచ్చేవాడు. ఆ ఇంటామె అరుగు మీద కూర్చునే, "కొసలు తెంపుర, కొమ్మ ఇరవకు" అని ఒక్క మాట అనేది, అంతే. ఆ ఒక్క మాటతో వాళ్ళింట్లో ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి బర్రె ఈనింది అన్నీ మా వంటింటికి తెలిసేవి. ఇప్పుడు ఆటోవాడికి మన జ్వరాలతో ఏం పని?

మా ఇల్లు ఉన్నచోటే ఉంది, జిల్లాలే మారాయి. 1978లో రంగారెడ్డి జిల్లా అన్నారు, 2016లో వికారాబాద్ జిల్లా అన్నారు. దానితో నాకేం నష్టం లేదు, బోర్డుల మీద పేర్లు మార్చుకున్నారు. దొడ్డి పోయింది చూడు, అదీ నష్టం. ఇప్పటి ఇండ్లకు దొడ్డి ఎక్కడిది? గోడకు గోడ తగిలించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా స్లాబు పోసి, మిగిలిన మూరెడు జాగాలో టైల్స్ వేసి మోటారుసైకిలు పెడుతున్నారు. మా దొడ్డి వేరు. బాసండ్లు తోమిన నీళ్ళు, తానం చేసిన నీళ్ళు ఒక సన్న కాలువలో పోయి చామగడ్డకు, అరటికి తగిలేవి. ఒక మూల పుంటికూర, దాని పక్కన మిరప, ఎవరూ వేయకుండానే మొలిచే గంగవాయిలి కూర. మిరుగం కార్తె చల్లబడగానే మా అమ్మ గోడ వారన గుంతలు తవ్వి బీర, సొర, గుమ్మడి, చిక్కుడు పెట్టేది. దసరా నాటికి తీగెలు గూనపెంకల మీదికి ఎక్కి ఇల్లు కనబడేది కాదు. బతుకమ్మకు గుమ్మడి పువ్వు, గుమ్మడాకు మా దొడ్లోవే, తంగేడు, గునుగు చేన్ల గట్లవి. ఇప్పుడు తంగేడు పువ్వు కూడా అంగట్లో కుప్పలు పోసి అమ్ముతున్నారు. చిక్కుడు తీగె గోడ దాటి పక్కింట్లోకి పోతే, అటు కాసిన కాయ అటువాళ్ళది. దాని మీద ఎన్నడూ పంచాయితీ కాలేదు. ఇప్పుడు మామిడికొమ్మ గోడ దాటితే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు.

గింజ సంగతి చెప్తాను, తొందరపడకు. బీరకాయ ఒకటి, తీగె మొదట్లో కాసింది, బాగా సాగింది చూసి తెంపకుండా వదిలేది. పిల్లలు ముట్టకుండా దానికి ఎర్రగుడ్డ పేలిక కట్టేది. అది తీగె మీదే ఎండి, ఊపితే గలగలమనేది. అప్పుడు కొన మీది మూత విరిచి తలకిందులు చేస్తే నల్లగింజలు జలజలా రాలేవి, మిగిలిన పీచు వీపు రుద్దుకోవడానికి. గుమ్మడి, సొర గింజల పద్ధతి వేరు. వాటిని పచ్చిపేడలో కలిపి పిడకలాగ గోడకు కొట్టేది. ఎండినాక పురుగు దాని జోలికి పోదు, ఎలుకకు వాసన తగలదు. మళ్ళీ మిరుగం రాగానే ఆ పిడకను గోడ నుంచి ఊడదీసి, ముక్కలు చేసి, పేడతో సహా గుంతలో పెట్టేది. విత్తనమూ అదే, ఎరువూ అదే. చిక్కుడు గింజలు బూడిదలో.

కానీ అసలు దాపు అది కాదు బిడ్డా. మా అమ్మ తన గింజను తన గోడ మీద ఒక్కటే ఉంచుకునేది కాదు, నాలుగిండ్లకు పంచేది. ఒక ఏడు ముసురు పట్టి మా వెనక గోడ కూలింది, పిడకలన్నీ నాని బురదలో కలిశాయి. ఇంక మా గుమ్మడి పోయిందనుకున్నాం. మిరుగానికి కింది వాడకట్టు నుంచి ఒక పెద్దమ్మ కొంగులో కట్టుకుని తెచ్చింది, అంతకు ముందు మా అమ్మ ఇచ్చిన విత్తనమే. మనదగ్గర దాచుకున్నది కొట్టుకపోయింది, ఇచ్చింది మిగిలింది. నేను ఇన్నేండ్లుగా సణిగేదంతా ఈ ఒక్క ముచ్చట కోసమే. ఇప్పుడు పాకెట్ కొంటారు. హైబ్రిడ్ గింజ, ఒక కాపు బాగానే కాస్తుంది, కాదనను. కానీ దాని గింజ తీసి మళ్ళీ పెడితే తల్లి లాంటి కాయ రాదు. ఏటేటా మళ్ళీ దుకాణానికే పోవాలి. పక్కింటికి ఇవ్వడానికి నీ దగ్గర ఏం లేదు, నీకు ఇవ్వడానికి పక్కింట్లో ఏం లేదు. ఇంక ఇద్దరికీ మాటలెక్కడివి?

తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే, ఆ నల్లరేగడి రుచి వేరు. అటు చుట్టాలింటికి పోయినవాళ్ళు సంచిలో ఇంత కందులు తెస్తే, ఇసుర్రాయి మీద పట్టి, తలా ఒక తవ్వ పప్పు పంచేవాళ్ళు. తాండూరు కందిని కాగితం కాపాడుతుంది. మా ఎర్రచెలక దొడ్లలోని బీరకు, చిక్కుడుకు కాగితం ఎవరిస్తారు? అవి ఆడవాళ్ళ కొంగుల్లోనే బతికాయి. కొంగులు పంచుకోవడం మానగానే చాలామట్టుకు పోయాయి.

ఇంక గిన్నెల సంగతి. చలికాలం అనపకాయలు ఉప్పేసి ఉడకబెట్టినా, కొత్త పెసర్లతో గారెలు వేసినా, చుట్టుపక్కల ఇండ్లకు పోకుండా మా ఇంట్లో తినేది లేదు. పంపిన గిన్నె ఎన్నడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఏమీ లేని ఇల్లైతే చిటికెడు చక్కెరో, బెల్లం ముక్కో, కాకుంటే ఇన్ని బియ్యం గింజలో వేసి పంపేది. స్టీలు గిన్నెల అంచు మీద పేర్లు ఎందుకు కొట్టించేవాళ్ళనుకుంటున్నావు? దర్పానికి కాదు. గిన్నె ఊరు తిరిగేది కాబట్టి. ఇప్పటికీ మా అటక మీద వేరేవాళ్ళ పేరున్న తలె ఉంది, మా పేరున్నవి ఎవరింట్లో ఉన్నాయో. పోనీ, ఉండనీ. ఇప్పుడు పండుగకు స్వీట్లు అట్టపెట్టెలో పంపుతున్నారు. పెట్టె తిరిగి ఇచ్చే పనే లేదు, కాబట్టి మళ్ళీ గడప తొక్కే పనీ లేదు.

అన్నీ బాగుండేవని చెప్తే మాత్రం అబద్ధం. సల్ల చిలికిన రోజు అడిగినవాళ్ళందరికీ పోసేవాళ్ళు, నిజమే. కానీ కొందరిని గడప బయటే నిలబెట్టి, వాళ్ళ చెంబు తగలకుండా ఎత్తు నుంచి పోసేవాళ్ళు. మా గిన్నెలు వాళ్ళ ఇండ్లకు పోలేదు, వాళ్ళ గిన్నెలు మా ఇంటికి రాలేదు. అది పంచుకోవడం కాదు. ఆ రోజులు కావాలని నేను అంటే ఆ భాగం తీసేసే అంటున్నాను. బావి నుంచి బిందెలు మోసి మోసి మా అక్కల నడుములు పోయాయి, నల్లా వచ్చినందుకు కూడా నేను ఏడవను.

వస్తువుల విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. మా రోజుల్లో ఏది పారేశాం చెప్పు? డాల్డా డబ్బా ఖాళీ అయితే అందులో తులసి. కిరసనాయిలు డబ్బాకు పైన కట్టె కొడితే నీళ్ళు మోసే డబ్బా, దాని అడుగు తుప్పు పడితే బంతిమొక్కల కుండీ. తాండూరు నుంచి నాపబండల లారీ ఎవరింటికైనా వస్తే, దించేటప్పుడు పగిలిన ముక్కలకు వాడకట్టంతా చేరేది. పెద్ద ముక్క బట్టలుతికే బండ, పొడుగు ముక్కలు నిలబెట్టి పాతితే మడికి గట్టు, వంకర ముక్కలు కోళ్ళగూటికి. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, మధ్యాహ్నం వేళ నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలా కూర్చుని బొంత కుట్టేవాళ్ళు. మా అమ్మ ఆ బొంత మీద చెయ్యి పెట్టి, ఈ ముక్క నీ చిన్నమ్మ పెండ్లినాటిది, ఇది పక్కింటి వదినది అని చెప్పేది. నువ్వు కప్పుకునే బ్లాంకెట్ ఎవరిది? కంపెనీది.

పట్నంలో గురువారం నాడు జుమ్మెరాత్ బజారు పెడతారు, పురానాపూల్ దిక్కు. పాత తాళాలు, గడియారాలు, రేడియోలు, ఇత్తడి సర్వలు, ఊడదీసిన తలుపులు, అన్నీ కుప్పలే. మేము వికారాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు ఎక్కి పోయేవాళ్ళం. 1874లో వేసిన వాడి–సికింద్రాబాద్ లైను అది, నైజాం కాలంనాటిది. బేరం ఆడి ఆడి, నడిచిపోతున్నట్టు నటించి, వాడు పిలిస్తే తిరిగి వచ్చి తెచ్చుకున్న ఇత్తడి తాళం ఇప్పటికీ మా ధాన్యం అర్రకు ఉంది. మొన్న మనుమడు ఫోనులో అలాంటి తాళమే చూపించాడు. కొత్తగా చేసి, కావాలని మసి పూసి, పాతదని పేరు పెట్టి అమ్ముతున్నారట. వాడే ఇంకోటి చూపించాడు: పిడకలు, డజను లెక్కన, ఇంటికి తెచ్చి ఇస్తారట. పేడను డబ్బాలో పెట్టి అమ్మే దేశంలో నేను ఇంకా బతికి ఉన్నాను.

వాడు మంచోడే. గచ్చిబౌలిలో ఏడో అంతస్తులో ఉంటాడు. కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు కొని బాల్కనీలో నాలుగు టమాట మొక్కలు పెట్టాడు. కాసిన టమాటాలను ముందు ఫోటో తీసి, తరువాత తిన్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ వాడు ఒక పుస్తకం పేరు చెప్పాడు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి మిద్దెతోట పుస్తకం. కథలు రాసే మనిషి నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, తినడమే కాకుండా ఊరూరికీ చెప్పాడు. పట్నంలో ఇప్పుడు మిద్దెతోటల వాళ్ళు ఒకచోట కలిసి గింజలు, నారు మార్చుకుంటారట. అంటే మేము దోమలో మానేసిన పని హైదరాబాదు మేడల మీద మొదలైంది. సంతోషపడాలా, సిగ్గుపడాలా?

మనకు దగ్గరలోనే జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, చదువు రానివాళ్ళే ఎక్కువ, పాత గింజలన్నీ కుండల్లో, బుట్టల్లో కాపాడారు. విత్తనం తీసుకున్న ఇల్లు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వాలి. సంక్రాంతికి ఎడ్లబండ్లు కట్టి పాత పంటల జాతర తీస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చారు. మా అమ్మ చేసినదే వాళ్ళూ చేశారు. తేడా ఒక్కటే, వాళ్ళు ఆపలేదు.

మళ్ళీ దొడ్డి పెట్టమంటే "కోతులు, తాతా" అంటావు. తెలుసు, నాకూ కండ్లున్నాయి. గుంపుగా వచ్చి సొరకాయ పిందె ఉండగానే కొరికి పడేస్తాయి, పెంకలు ఊడదీస్తాయి. చాలా ఇండ్లలో దొడ్డి పోయింది వాటి వల్లనే అని ఒప్పుకుంటాను. కానీ అడవిలో వాటికి తినడానికి ఏం మిగిల్చాం? మేడిచెట్లు, రేగుచెట్లు, గట్ల మీది సీతాఫలాలు కొట్టిందెవరు? అవి మన మీద పడ్డాయని తిట్టుకుంటూ కూర్చుంటే కూర మొలవదు. మా దొడ్లో పుంటికూర, మిరప జోలికి అవి అంతగా రావు. బీరకు పాత చేపల వల కప్పాను, సగం దక్కుతోంది. సగం చాలు.

ముసలోడికి పని లేక సణుగుతున్నాడు అనుకో, ఫరవాలేదు. మిరుగం కంటే ముందు ఒకసారి ఇటు రా. బీర గింజలున్నాయి, చిక్కుడు ఉంది, గోడ మీద రెండు గుమ్మడి పిడకలున్నాయి. పైసలు ఇయ్యకు, తీసుకోను. కాసినాక మొదటి కాయ పక్కింటికి ఇయ్యి, ఒక కాయ ఎండనిచ్చి గింజలు నాకు తెచ్చి ఇయ్యి. తెచ్చేటప్పుడు గిన్నెలో తీసుకురా, కవర్లో వద్దు.